దక్షిణం కనబడే బస: స్మార్ట్ టెలిస్కోపుతో మైపాడు నుంచి ఉదయగిరి మెట్ట దాకా

ఆకాశం ఫోటోలు తీయడానికి ఊరు వదిలి వెళ్లాలనుకునేవారు మొదట అడిగేది ఎక్కడ చీకటి ఎక్కువ అని. ఉగాదికి ముందు, ఫాల్గుణ బహుళ పక్షం చివరి రాత్రులను మైపాడు తీరంలోను, పెంచలకోనలోను, ఉదయగిరి మెట్టలోను గడిపి వచ్చాక ఆ ప్రశ్నను కొద్దిగా మార్చి అడగమంటాను. దక్షిణం వైపు ఎంత కిందిదాకా చీకటి ఉందన్నదే మన ప్రాంతంలో అసలు విషయం. నెల్లూరు దాదాపు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, ఢిల్లీలో ఉన్నవారికి దిగంతాన్ని అంటుకొని ఒకటి రెండు డిగ్రీల ఎత్తుకు మించి రాని కెరీనా నీహారిక (వాయువు, ధూళి కలిసిన మేఘం) మనకు 15 డిగ్రీల పైకి వస్తుంది, ఒమేగా సెంటారి అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం 28 డిగ్రీల దాకా లేస్తుంది. ఇంత దక్షిణాన ఉండి ఆ దిక్కున దీపాలున్న బసను ఎంచుకుంటే ప్రయాణ ఫలం సగం పోయినట్టే.

నా దగ్గర ఉన్నది సీస్టార్ ఎస్ 50 అనే స్మార్ట్ టెలిస్కోపు. యాభై మిల్లీమీటర్ల కటకం, 250 మిల్లీమీటర్ల నాభ్యంతరం, రెండున్నర కిలోల బరువు, లోపలే కెమెరా, మోటార్లు, బ్యాటరీ, మంచు పట్టకుండా కటకాన్ని వెచ్చగా ఉంచే హీటరు ఉంటాయి. కన్ను పెట్టి చూసే భాగమే దీనికి లేదు, చూడటమంతా ఫోనులోనే. ట్రైపాడ్ మీద సమంగా నిలిపి, యాప్‌లో ఒక వస్తువును ఎంచుకుంటే, అది ఒక ఫోటో తీసి, అందులోని నక్షత్రాల అమరికను తనలో ఉన్న పట్టికతో పోల్చి తానెక్కడ చూస్తున్నదీ తెలుసుకొని, కావలసిన చోటికి తిరుగుతుంది. తర్వాత పది సెకన్లకొక ఫోటో తీస్తూ వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. ఒక ఫోటోలో కనీకనబడని మేఘపు ఛాయ గంటసేపటిలో వచ్చే మూడు వందల పైచిలుకు ఫోటోలు కలిసేసరికి రంగుతో సహా తేలుతుంది. మొదటిసారి యాప్‌తో జత చేసేటప్పుడు ఇంటర్నెట్ కావాలి గాని, ఆ తర్వాత ఫోనుకు, టెలిస్కోపుకు మధ్య దాని సొంత వైఫై సరిపోతుంది. సిగ్నల్ అందని కోనల్లోనూ పని ఆగదని దీని అర్థం. కొండల వైపు వెళ్లేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

మైపాడు నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపే. దారి బాగుంది, ఆటోలు దొరుకుతాయి, తిండికి లోటు లేదు, చేపల పులుసు గురించి నెల్లూరు వారికి కొత్తగా చెప్పేదేమీ లేదు. తూర్పున సముద్రం మీద ఆకాశం నిజంగానే నల్లగా ఉంటుంది, దూరాన వేట పడవల దీపాలు తప్ప మరేమీ కనబడవు. అయితే తీరం వెంబడి దక్షిణానికి చూస్తే కృష్ణపట్నం రేవు, దాని పక్కనున్న థర్మల్ విద్యుత్ కేంద్రాల వెలుగు దిగంతం మీద పసుపు పట్టీలాగా నిలబడి ఉంటుంది. వెనక పడమరన నెల్లూరు పట్టణపు వెలుగు, దగ్గరలో రొయ్యల గుంటల మీద రాత్రంతా వెలిగే దీపాలు సరేసరి. సాయంత్రం అగస్త్య నక్షత్రం ఆ పసుపు పైనుంచి కనబడింది గాని, దాని కింద మరే చుక్కా కంటికి ఆనలేదు.

అలాగని మైపాడును కొట్టిపారేయను. చీకటి పడగానే పడమటికి వాలుతున్న మృగశిర ప్రాంతంలోని ఒరాయన్ నీహారికను టెలిస్కోపులో ఉన్న ద్వివర్ణ ఫిల్టరు వేసి తీస్తే, నెల్లూరు వెలుగు వెనక ఉన్నా చక్కటి చిత్రమే వచ్చింది. వేడెక్కిన హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వెలువరించే రెండు సన్నని వర్ణపు పట్టీలను మాత్రమే ఆ ఫిల్టరు లోపలికి రానిచ్చి, వీధి దీపాల కాంతిలో అధిక భాగాన్ని ఆపేస్తుంది. గెలాక్సీలకు, నక్షత్ర గుచ్ఛాలకు మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే నక్షత్రాల కాంతి అన్ని రంగులలోనూ ఉంటుంది. తీరంలో ఉండేవారు నీహారికలతో, చంద్రుడితో సరిపెట్టుకోవాలని దీన్నిబట్టి తేలుతుంది.

తీరంలో మిగిలిన రెండు చిక్కులు గాలి, తేమ. ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు మెల్లగా దిగబడతాయి కాబట్టి కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టవలసి వచ్చింది. గాలి విసిరినప్పుడల్లా నక్షత్రాలు గీతలై ఆ ఫోటోలను యంత్రమే పక్కన పడేసేది. హీటరు లేకుంటే రాత్రి 10 దాటాక కటకం మీద చెమ్మ నిలిచేది. హీటరు వేస్తే బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది, ఆరు గంటలు వస్తుందన్న బ్యాటరీకి పవర్ బ్యాంకు తోడు కావలసిందే. నేను దిగిన రిసార్టులో గది శుభ్రంగానే ఉంది. తోటలోని ఫ్లడ్ లైట్లను ఒక గంటసేపు ఆపమంటే మాత్రం, మేనేజరుగారు ఎంత మర్యాదగా మాట్లాడినా, భద్రత పేరు చెప్పి ఒప్పుకోలేదు. కుటుంబాలు దిగే చోట అది న్యాయమే కావచ్చు, కాని బస బుక్ చేసేటప్పుడే అడగవలసిన మాట అది.

ఒంగోలు వారికి ఇటువంటి సౌకర్యమే కొత్తపట్నం తీరంలో ఉంది. అక్కడ నేను వేరే ప్రయాణంలో ఒక సాయంత్రం చంద్రుణ్ణి తీయడానికి మాత్రమే ఆగాను. అర డిగ్రీ వెడల్పున్న చంద్రబింబం ఈ టెలిస్కోపు ఫోటో చట్రంలో చక్కగా ఇమిడిపోతుంది, కొత్తగా మొదలుపెట్టేవారికి అంతకంటే సులభమైన వస్తువు లేదు.

పెంచలకోనకు వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. వెలిగొండల ఒడిలో ఉన్న నరసింహస్వామి క్షేత్రం అది, చుట్టూ అడవి, పట్టణం వెలుగు అందనంత దూరం. నడినెత్తిన ఆకాశం మైపాడులో కంటే ఎంతో బాగుంది. కాని కొండలు అంత దగ్గరగా ఉంటే ఆకాశపు అంచులు మనకు మిగలవు. 15 డిగ్రీల ఎత్తుకు వచ్చే కెరీనా కోసం కోనలో కూర్చోవడం వృథా. గుడి పరిసరాల్లో దీపాలు వెలగడం భక్తుల అవసరం, దాన్ని తప్పుపట్టడానికి లేదు. అడవి అంచున రాత్రిపూట తిరగడం క్షేమమూ కాదు, మర్యాదా కాదు. శనివారం జనం ఎక్కువ, గది దొరకడం కష్టం. దర్శనానికి వెళ్లినవారు టెలిస్కోపును వెంట తీసుకువెళితే మంచిదే గాని, టెలిస్కోపు కోసం పెంచలకోన వెళ్లమని నేను చెప్పను. ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా పగలు చూసివచ్చిన భైరవకోనదీ అదే సంగతి. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలను చూడటానికి ఎంత దూరమైనా వెళ్లవచ్చు. కార్తీక పౌర్ణమి నాడు అక్కడి అమ్మవారి మీద చంద్రకాంతి పడుతుందని భక్తులు చెప్పుకుంటారు, మనకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు తిథి. లోయలో నిలబడితే తల మీద కనబడేది ఆకాశపు ముక్క మాత్రమే.

ఉదయగిరిలో మొదటి రాత్రి ఊళ్లోని ఒక లాడ్జిలో దిగాను. గది చవక, నీళ్లకు ఇబ్బంది లేదు, కాని మిద్దె తాళం రాత్రి 9 తర్వాత ఇవ్వనన్నారు. మరునాడు పరిచయస్తుల ద్వారా ఊరికి దూరంగా ఒక రైతు ఇంట్లో ఉండటానికి ఏర్పాటయింది. ఈ ప్రయాణం మొత్తంలో సిసలైన ఆకాశం దొరికింది అక్కడే. ఇల్లు చిన్నది, మరుగుదొడ్డి బయట, రాత్రి భోజనం సంగటి, పప్పు. ఇంటి వెనక పాత కళ్లం ఉంది. నూర్పిళ్ల కోసం చదును చేసి గట్టిపరచిన ఆ నేల ట్రైపాడ్‌కు మిద్దెకంటే మేలు, ఎందుకంటే మిద్దె మీద ఎవరు నడిచినా ఆ అదురు చిత్రంలోకి వస్తుంది, పగలు కాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడిని వదులుతూ గాలిని కదిలిస్తుంది. అగస్త్యుడు దక్షిణాన 20 డిగ్రీల ఎత్తులో ధగధగలాడుతున్నాడు, ఆయన కింద కూడా చుక్కలు లెక్కపెట్టగలిగినన్ని ఉన్నాయి. బస పరీక్షకు ఇంతకంటే సులువైన కొలత లేదు. చలికాలం, ఎండాకాలం మొదట్లో చీకటి పడ్డాక దక్షిణానికి తిరిగి అగస్త్యుణ్ణి చూడాలి, ఆయన కింద ఏమైనా కనబడుతోందో లేదో చూడాలి.

మొదట సింహరాశిలోని మూడు గెలాక్సీల గుంపును తీశాను. మూడూ ఒకే చట్రంలో పడతాయి. కాని ఉదయగిరి అక్షాంశం దాదాపు 15 డిగ్రీలు, ఆ గెలాక్సీల స్థానం ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖకు) ఉత్తరంగా 13 డిగ్రీలు. అంటే అవి దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి. పక్కకూ, పైకీ తిరిగే ఈ తరహా టెలిస్కోపుకు నడినెత్తి ఇరుకైన చోటు. అక్కడ యంత్రం అతి వేగంగా తిరగవలసి వస్తుంది, చట్రం కూడా తిరిగిపోయి అంచులు పాడవుతాయి. అందువల్ల రాత్రి 8:30 నుంచి 10 దాకా, అవి తూర్పున ఎక్కుతుండగానే పని ముగించి, 11 గంటలకు కాస్త ముందు దక్షిణాన తన గరిష్ఠ ఎత్తుకు వచ్చే కెరీనా వైపు తిప్పాను. అంత కిందనున్న వస్తువు కాంతి నడినెత్తి వస్తువు కంటే దాదాపు నాలుగు రెట్ల గాలిని దాటి వస్తుంది, వేసవి ధూళి కూడా తోడవుతుంది, అయినా గంట తర్వాత ఎర్రటి మేఘం, దాని మధ్య నల్లటి చీలిక స్పష్టంగా వచ్చాయి. అర్ధరాత్రి దాటాక త్రిశంకు నక్షత్ర మండలం నిటారుగా నిలిచింది, 1:30 ప్రాంతంలో ఒమేగా సెంటారి. 1677లో ఎడ్మండ్ హేలీ సెయింట్ హెలెనా ద్వీపం నుంచి చూసి మసక మచ్చగా నమోదు చేసినది అదే. దాదాపు కోటి నక్షత్రాలు ఉన్న ఆ గుచ్ఛం అరగంట లోపలే చట్రం నిండా పొడిగా విడిపోయి కనబడింది. ఇంటి పెద్దావిడ వచ్చి ఫోనులో చూసి, "ఇంత గుంపు పైన ఉంటే మాకు ఒక్క చుక్కలాగా కనపడుతుందేందయ్యా" అని అడిగారు. పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరం గురించి ఆమెకు ఎంతవరకు చెప్పగలిగానో ఆమెకే తెలియాలి.

కొత్తవారికి ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చట్రం తిరగడాన్ని తప్పించడానికి టెలిస్కోపును ధ్రువ నక్షత్రం వైపు వంచి నిలిపే పద్ధతి ఉంది, ఉత్తర దేశాల వారు దాన్ని గట్టిగా సిఫారసు చేస్తారు. వారి అక్షాంశాల్లో ఆ వంపు మధ్యస్థంగా ఉంటుంది. మన 15 డిగ్రీల దగ్గర మాత్రం యంత్రం దాదాపు పడుకున్నట్టే అవుతుంది, తేలికైన ట్రైపాడ్ అయితే ఒరిగి పడే ప్రమాదం ఉంది. మొదటి కొన్ని నెలలు మామూలు పద్ధతిలోనే పది సెకన్ల ఫోటోలతో నడిపించుకోవడం మేలు. విడి ఫోటోలను ఫిట్స్ (ఖగోళ చిత్రాలకు వాడే ఫైలు రకం) ఫైళ్లుగా దాచుకునే అమరికను మాత్రం మొదటి రాత్రి నుంచే వేసుకోవాలి, తర్వాత కంప్యూటర్లో మళ్లీ పేర్చుకోవడానికి అవే ముడిసరుకు.

కారు విషయంలో నెల్లూరు నుంచి రాత్రి ఆగే బేరం చేసుకున్నాను. డ్రైవరు మంచివాడే గాని తలుపు తీసిన ప్రతిసారీ లోపలి దీపం, హెడ్‌లైట్లు వెలిగేవి. మరునాడు అద్దెకు ద్విచక్ర వాహనం తీసుకుంటే ఖర్చూ తగ్గింది, ఆ బాధా తప్పింది. పామూ పుట్రా ఉండే మెట్ట నేల కనుక బూట్లు, ఎర్ర టార్చి తప్పనిసరి. ఉదయగిరి కొయ్య గరిటెలు కొనదలచినవారు పగలు కాస్త సమయం ఉంచుకోవాలి.

కాలం సంగతికి వస్తే, ఆశ్వయుజ కార్తీకాలలో ఈశాన్య రుతుపవనం ఈ జిల్లాల ఆకాశాన్ని మనకు వదలదు. సంక్రాంతి నుంచి చైత్రం దాకా వచ్చే అమావాస్యలే నమ్మదగినవి. గది గాని, ఇల్లు గాని మాట్లాడుకునేటప్పుడు అడగవలసినవి మూడే: దక్షిణాన ఏముంది, బయటి దీపం రాత్రి 9 తర్వాత ఆపుతారా, ఆరుబయట తెల్లవారుజాము దాకా ఒకరు మేలుకొని కూర్చుంటే ఇంటివారికి అభ్యంతరం ఉందా. మూడింటికీ సరైన జవాబు వచ్చిన ఇంట్లో మరుగుదొడ్డి బయట ఉన్నా నేను మళ్లీ దిగుతాను.