హైదరాబాద్ నుంచి డల్లాస్: కిలోమీటర్లు చూసి టికెట్ కొంటే

అమీర్‌పేటలో ట్రావెల్ ఏజెంట్ నాకు టికెట్ కాదు, కిలోమీటర్లు అమ్మాడు. "దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి డల్లాస్‌కి 12,900. మొత్తం ఇరవై గంటలే సార్" అన్నాడు. లెక్క తప్పేం కాదు. గాల్లో ఉండేది నాలుగు, పదహారు గంటలే. మధ్యలో దుబాయ్‌లో పదకొండు గంటలు కూర్చోవాలన్న ముక్క మాత్రం మింగేశాడు. అది తెలిసేసరికి మనిషికి 1,12,000 కట్టేశాను. మూడు గంటల లేఓవర్ (మధ్యలో ఆగే సమయం) ఉన్న టికెట్ 9,000 ఎక్కువట, దాని ఊసే ఎత్తలేదు.

నాతో వచ్చింది అమ్మ. డెబ్బై ఒకటేళ్లు, మోకాళ్ల నొప్పులు. వీల్‌చైర్ ముందే అడిగాం, ఇచ్చారు. తోసిన మలయాళీ అబ్బాయి నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడి అమ్మను నవ్వించాడు కూడా. ఆ నవ్వు రెండో గంటకల్లా పోయింది. కుర్చీల మధ్య ఇనుప చేతులు, నడుం వాల్చే వీల్లేదు. కాఫీ 24 దిర్హాములు, అంటే మన డబ్బుల్లో 550 పైనే. "దీంతోని అరకిలో కాఫీ పొడి వస్తది" అని ఇంకోటి వద్దంది. తెచ్చుకున్న పులిహోర, సకినాలే కాపాడాయి. చివరికి పడుకోవడానికి నాలుగు గంటలకు చిన్న గది తీసుకున్నాం, 360 దిర్హాములు. ఎనిమిది వేలు దాటింది. అందులో ఏసీ తగ్గించే మీట లేదు, చీర కొంగు తలకు చుట్టుకుని పడుకుంది.

డల్లాస్ విమానం బాగుంది, తిండీ బాగుంది. సీటు ముందు మ్యాప్‌లో విమానం ఉత్తరానికి ఎక్కుతుంటే అమ్మకు టెన్షన్. "అమెరికా పడమరకు కదరా, గిటెందుకు పోతున్నడు?"

సమాధానం తమ్ముడింట్లో దొరికింది. వాడి కూతురి గ్లోబు మీద దారం పెట్టి బిగుతుగా లాగాం, భూమి గుండ్రం కాబట్టి ఆ దారం పోయేదే దగ్గరి దారి. దుబాయ్ నుంచి డల్లాస్‌కి లాగిన దారం గ్రీన్‌లాండ్ వైపుగా పోయింది. హైదరాబాద్ నుంచి నేరుగా లాగితే దాదాపు ఉత్తర ధ్రువం పక్క నుంచే. ఆ దూరం 14,400 కిలోమీటర్లు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఆగకుండా ఎగిరే విమానం 15,300 దాటి పోతుంది, కాబట్టి ఎగరలేని దూరమేం కాదు. మేం వెళ్లినప్పుడు నేరుగా విమానం లేదు, అంతే. అయినా దుబాయ్ మీదుగా పోతే పెరిగేది వెయ్యి కిలోమీటర్లే, గంటకు కాస్త పైన ప్రయాణం.

"మరి గంట కోసం పదకొండు గంటలు కూసోబెట్టిండా వాడు?" అంది అమ్మ.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు దూరం అడక్కండి. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలో అడగండి, మూడు నాలుగు గంటల లేఓవర్ చూసుకోండి. రిటర్న్‌లోనూ తొమ్మిది గంటల లేఓవర్ పెట్టాడు ఆ ఏజెంట్. మనిషికి 6,500 కట్టి మార్పించాను, అతనితో కాదు, నేనే ఫోన్ చేసి.