గ్రావెల్‌కింగ్ ఎస్‌కే 700×43 టైరు: కంకరకి బాగుంది, పల్లేరు కాయలకి సీలెంట్ తప్పదు

కంకర, మట్టి దారుల్లో సైకిలు తొక్కే గ్రావెల్ సైకిలింగ్ వీడియోల్లో చూపించే దారులు మన దగ్గర లేవు. ఐర్లాండ్‌లో వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా ఉన్న 42 కిలోమీటర్ల గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వేని 1937లో మూతపడిన రైలు మార్గం మీద వేశారు. స్పెయిన్ కూడా 1993 నుంచి పాత రైలు కట్టలని సైకిళ్లకి, నడిచేవాళ్లకి ఇస్తూ వస్తోంది. మన గుంటూరు–మాచర్ల మీటర్ గేజ్ పోయింది గానీ, దాని చోట బ్రాడ్ గేజ్ వచ్చింది. అక్కడ సైకిలుకి చోటెక్కడిది? బెజవాడ, గుంటూరు వాళ్లకి లారీల బెడద లేని దారి కావాలంటే కాలువ గట్టు ఎక్కాలి, లేదంటే పొలాల మధ్య డొంక పట్టాలి.

దారులకేం కొదవ లేదు. కృష్ణకి అవతల సీతానగరం నుంచి దుగ్గిరాల వైపు వెళ్లే పశ్చిమ డెల్టా కాలువ, దుగ్గిరాల దాటాక కొమ్మమూరు కాలువ. ఇవతల బందరు, రైవస్, ఏలూరు కాలువలు. నీళ్లు పారడానికి చాలినంత వాలే ఉంటుంది కాబట్టి ఎక్కడా ఎత్తు ఎక్కే పని లేదు. ఎదురుగాలే మన కొండ. ఇబ్బందల్లా నేలతో. ఒకే గట్టు మీద కాసేపు తారు, కాసేపు ఎర్ర గ్రావెల్, ఆ తర్వాత ఉత్త నల్లమట్టి. పైగా ట్రాక్టర్లు తొక్కిన గాళ్లు, గేదెల మందలు, అంచుల్లో సర్కారు తుమ్మ.

దీనికోసం కొత్తగా గ్రావెల్ సైకిలే కొనాలని లేదు. డిస్క్ బ్రేకులున్న హైబ్రిడ్‌కి మంచి టైరు వేసుకుంటే సరిపోతుంది. అలాంటి టైర్ల గురించి మాట్లాడేటప్పుడు తరచుగా వినపడే పేరు జపాన్ కంపెనీ పానారేసర్ వారి గ్రావెల్‌కింగ్ ఎస్‌కే. ఈ రివ్యూ 700×43 సైజుది, అంటే 43 మిల్లీమీటర్ల వెడల్పుది.

డబ్బు కట్టే ముందు స్కేలు తీసుకుని ఫోర్కు కాళ్ల మధ్య, వెనక చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాల) మధ్య ఖాళీ కొలవండి. టైరుకి రెండు పక్కలా, పైనా కనీసం 6 మిల్లీమీటర్లు మిగలాలి. అంటే 43 టైరుకి లోపలి వెడల్పు 55 ఉండాలి. 700×35తో వచ్చే చాలా హైబ్రిడ్లకి ముందు ఫోర్కులో చోటు ఉంటుంది, వెనక ఉండదు. అప్పుడు 38 తీసుకోండి. ముందు 43, వెనక 38 వేసినా తప్పేమీ లేదు. రిమ్ము లోపలి వెడల్పు 21 నుంచి 25 మిల్లీమీటర్లయితే టైరు గుండ్రంగా కూర్చుంటుంది. ఇరుకు రిమ్ము మీద బల్బులా ఉబ్బి, మలుపులో పక్కకి ఊగుతుంది.

టైరు నడిమి భాగమంతా చిన్న చిన్న చదరపు గుబ్బలు, దగ్గర దగ్గరగా. అంచుల్లో కాస్త పెద్దవి. ఈ దగ్గరితనం వల్లే తారు మీద ఈడ్చినట్టు అనిపించదు. సన్నటి హోరు వినిపిస్తుందంతే. గట్టిపడిన ఎర్ర గ్రావెల్ మీద దీనికి వంక పెట్టనక్కర్లేదు. గట్టి నేల మీద వదులు కంకర చల్లి ఉన్నచోట మాత్రం ఏ గుబ్బా పని చేయదు. అక్కడ మలుపుకి ముందే వేగం తగ్గించి, సైకిలు వంచకుండా తిప్పుకోవాలి. ఇంకో చిరాకు: గుబ్బల సందుల్లో చిన్న రాళ్లు ఇరుక్కుని, తారెక్కగానే ఎగిరి ఫ్రేముకి టకటకా తగులుతాయి. కింది గొట్టానికి పాత ట్యూబు ముక్క చుట్టేస్తే పెయింటు నిలుస్తుంది.

వాన పడ్డ నల్లరేగడిలో మాత్రం ఈ టైరు దండగ. నిజానికి ఏ టైరైనా దండగే. మట్టి గారెల పిండిలా గుబ్బల్ని కప్పేసి, రెండు మూడు చుట్లు తిరిగేసరికి ఫోర్కు కింద గడ్డకట్టి చక్రాన్ని ఆపేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే వెనక గేరు మార్చే డిరెయిలర్ వంగడమో, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరగడమో జరుగుతుంది. దిగి, పుల్లతో గీకి, సైకిలు మోసుకుపోవడమే మార్గం. మడ్‌గార్డులుంటే పరిస్థితి ఇంకా అధ్వాన్నం, వానాకాలంలో గట్టెక్కేవాళ్లు వాటిని విప్పేసి వెళ్లడం మేలు. పెద్ద వాన తర్వాత రెండు రోజులు ఎండ కాస్తేనే నల్లమట్టి గట్టు జోలికి పోవాలి. ఎర్ర గ్రావెల్ వేసిన గట్టుకి ఒక పూట చాలు.

ఇక ముళ్లు. మన గట్ల మీద అసలు పరీక్ష ఇదే. పల్లేరు కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకి లేచి ఉంటుంది. పొట్టిదే, కానీ గుబ్బల సందులోంచి నేరుగా ట్యూబుని అందుకుంటుంది. సర్కారు తుమ్మ ముల్లు పొడుగు. కంచెల కోసం నరికిన కొమ్మలు గట్టు మీద ఎండుతుంటాయి కాబట్టి అంచున తొక్కకండి, బండి చక్రాలు నలిగిన గాడిలోనే పోండి. ఈ టైరులో పంక్చర్లు ఆపే పొర ఉంది గానీ, అది గాజు పెంకులకీ రాతి అంచులకీ పనికొస్తుంది, నిలువుగా దిగే ముల్లుని ఆపలేదు. ట్యూబు వేసి ఈ టైరుతో డొంకలో తిరగాలనుకుంటే ప్యాచీలు డబ్బాడు పట్టుకెళ్లండి.

ట్యూబ్‌లెస్ చేస్తే, అంటే ట్యూబు తీసేసి టైరులో రంధ్రాల్ని మూసే సీలెంట్ ద్రవం పోస్తే, కథ మారుతుంది. రిమ్ము ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేదై ఉండాలి, మామూలు రిమ్ముతో ప్రయోగాలొద్దు. పాత టేపు పీకి, రిమ్ముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లోపలి వెడల్పు కన్నా 2–4 మిల్లీమీటర్లు ఎక్కువున్న ట్యూబ్‌లెస్ టేపుని గట్టిగా లాగుతూ అంటించాలి. వాల్వు రంధ్రానికి ఎదురుగా మొదలెట్టి ఒక చుట్టు పూర్తయ్యాక జానెడు పైకెక్కించి కోయండి. టేపు కింద బుడగ మిగిలితే గాలి అక్కణ్ణుంచే పోతుంది. టైరు అంచులకి సబ్బు నీళ్లు రాసి, వాల్వు కోరు (లోపల మరతో బిగించి ఉండే భాగం) తీసేసి గాలి కొడితే అంచు టప్‌మని రిమ్ములో కూర్చుంటుంది. చేతి పంపుతో ఇది అరుదుగా అవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ కావాలి, కానీ వాళ్ల గొట్టం ఇలాంటి చక్రాలకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో వేసుకెళ్లండి. టైరు గోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటకుండా కొట్టమని చెప్పండి, మోటార్ సైకిలు అలవాటులో ఎక్కించేస్తారు.

అంచు కూర్చున్నాక గాలి తీసి, వాల్వులోంచి 43 టైరుకి 60–80 మిల్లీలీటర్ల సీలెంట్ పోయాలి. డబ్బా బాగా కుదపకుండా పోస్తే పలచటి నీళ్లే దిగుతాయి, రంధ్రాల్ని మూసే రేణువులు అడుగునే ఉండిపోతాయి. మన ఎండలకి ఇది త్వరగా ఆరిపోతుంది. చలికాలంలో మూడు నాలుగు నెలలు వస్తే, ఏప్రిల్, మే నెలల్లో ఆరు వారాలకే చూసుకోవాలి. వాల్వు కోరు తీసి సన్నటి ప్లాస్టిక్ టై దింపితే తడి ఎంతుందో తెలుస్తుంది. తడి తగలకపోతే మళ్లీ 40 మిల్లీలీటర్లు పోయండి. కోరు రబ్బరుతో బిగుసుకుపోతే గాలి ఎక్కదు, ఒకటి అదనంగా ఉంచుకోండి.

పల్లేరు గుచ్చుకుంటే పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి నిమిషం ఆగితే మూసుకుంటుంది. తుమ్మ ముల్లు పీకినా బుసబుసమంటూనే ఉంటే రంధ్రంలో రబ్బరు ప్లగ్ దూర్చాలి. అదీ పని చేయకపోతే వాల్వు విప్పి ట్యూబు వేయాలి. వేసే ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, వేళ్లతో తడిమితే చెయ్యి చీరుకుంటుంది. గుడ్డ పోగు పట్టుకున్న చోట ముల్లు మొన ఉంటుంది. బయటి నుంచి అది కనపడదు, తల విరిగి రబ్బరుతో సమానంగా ఉంటుంది. సన్నటి పట్కారుతో లోపలి నుంచే లాగాలి. వదిలేస్తే కొత్త ట్యూబు కిలోమీటరు కూడా రాదు.

70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌లో ముందు 30, వెనక 34 పీఎస్‌ఐతో మొదలెట్టండి. ట్యూబుతో అయితే ఇంకో ఆరు కలపాలి, లేకపోతే రాయి కొట్టినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు కోతలు పడతాయి.

సీలెంట్ గొడవ వద్దనుకునేవాళ్లకి ష్వాల్బే మారథాన్ 700×40 ఉంది. దాని గ్రీన్‌గార్డ్ పొర 3 మిల్లీమీటర్ల మందం, పల్లేరుకి గట్టి జవాబు. కానీ బరువు, బిరుసు. కంకర మీద చేతులు తిమ్మిరెక్కుతాయి. వారం వారం గట్టెక్కేవాళ్లకి ట్యూబ్‌లెస్ ఎస్‌కే, రోజూ తారు మీద ఆఫీసుకెళ్లి ఎప్పుడో ఒకసారి గట్టెక్కేవాళ్లకి మారథాన్.

ఎస్‌కే వెనక టైరు నడిమి గుబ్బలు ముందరి దానికన్నా చాలా ముందే అరిగి చదునవుతాయి. అప్పుడు ఒక్క టైరే కొంటే చాలు. ముందుదాన్ని వెనక్కి మార్చి కొత్తది ముందు వేయండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే నేరుగా కాలువ వైపే.