మొహాలు పోల్చుకోలేనివాళ్ళకు చేసే ఈఈజీ పరీక్ష: నేను వెళ్ళొచ్చాను

"చూసి కూడా మొహం తిప్పుకుని పోయావేం?" చిన్నప్పటి నుంచీ ఈ మాట పడుతూనే ఉన్నాను. కళ్ళు బాగానే ఉన్నాయి, జ్ఞాపకశక్తికీ లోటు లేదు. మొహాలే నిలవవు. నడకనో గొంతునో జుట్టునో బట్టి మనుషుల్ని ఆనవాలు పడతాను. మా చెల్లి జడ తీసేసి మెడ దాకా జుట్టు కత్తిరించుకొచ్చిన రోజు, గేటు దగ్గర నిలబడి నన్నే చూస్తున్న దాన్ని "ఎవరు కావాలండీ?" అని అడిగాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రే, మొహాల గుర్తింపు మీద పరిశోధన చేసే ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కి రాశాను. అక్కడ వాలంటీర్లకు పరీక్షలు చేసి ఫలితం వివరిస్తారు. వెళ్దామా వద్దా అని తటపటాయించేవాళ్ళు నాలాగే చాలామంది ఉంటారు. పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళు నూటికి ఇద్దరి దాకా ఉంటారని అంచనా. వాళ్ళ కోసమే ఇది.

మొదట కంప్యూటర్ మీద కేంబ్రిడ్జ్ ఫేస్ మెమరీ టెస్ట్ పెట్టారు. డుషేన్, నకయామా అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన పరీక్ష ఇది. జుట్టు కనబడకుండా కత్తిరించిన ఆరు మొహాలు నేర్పిస్తారు. తర్వాత మూడేసి మొహాలు చూపించి, అందులో నేర్చుకున్నది ఏదో నొక్కమంటారు. మొత్తం 72 ప్రశ్నలు. మొదటి భాగం నాకు సాఫీగానే సాగింది. ఒకతని కనుబొమ్మ చివర కొద్దిగా పైకి లేచి ఉంది, దాన్ని పట్టుకున్నాను. రెండో భాగంలో వెలుగు మారింది, మొహం పక్కకు తిరిగింది, నా కనుబొమ్మ కాస్తా నీడలో కలిసిపోయింది. ఇక ముగ్గురూ ఒక్కలాగే ఉన్నారు. గుడ్డిగా నొక్కినా 24 వస్తాయి, మామూలుగా 58 దగ్గర వస్తాయట. నాకు 37 వచ్చాయి. అంకె విన్నాక బాధ కన్నా ముందు ఊరట కలిగింది. నాది పొగరు కాదని కాగితం మీద ఉంది.

తర్వాత ఈఈజీ, అంటే తల మీద పెట్టిన ఎలక్ట్రోడ్లతో మెదడులోని విద్యుత్ సంకేతాలను గీతలుగా నమోదు చేసే పరీక్ష. తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మన్నారు. ఆ మాట తప్పకుండా పాటించండి, నూనె ఉంటే సిగ్నల్ సరిగ్గా రాదు. 64 ఎలక్ట్రోడ్లున్న టోపీ బిగించడానికే ముప్పావుగంట పట్టింది. మొన లేని సూదితో పాయ పాయకీ జుట్టు తప్పించి చల్లటి జెల్ పెడుతుంటే, పెట్టే ప్రతిసారీ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ముందే చెప్పింది. ఆ ఓపికకు నమస్కారం. నేను పళ్ళు బిగించగానే స్క్రీన్ మీద గీతలన్నీ గడ్డిలా లేచాయి. "దవడ వదిలేయండి, బొమ్మ పోయాకే రెప్ప వేయండి" అంది.

వివరణ మాత్రం ఎంతో బాగుంది. మొహం కనబడిన సుమారు 170 మిల్లీసెకన్లకు తల వెనక భాగంలో ఒక రుణాత్మక తరంగం వస్తుంది, దాన్ని ఎన్170 అంటారు. వస్తువుల కన్నా మొహాలకు అది పెద్దగా ఉంటుంది. నాకు అదసలు ఉండదేమో అనుకుని వెళ్ళాను. ఉంది! మాలాంటి చాలామందిలో ఉంటుందట. తేడా ఇంకా లోపల ఉంది. మామూలువాళ్ళకు తలకిందులు మొహం చూపిస్తే ఆ తరంగం ఇంకా పెద్దదవుతుంది, ఆలస్యంగా వస్తుంది. ఐమర్ అనే పరిశోధకుడి బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టుకతో ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళలో ఆ తరంగం అలా పెద్దదవడం కనబడలేదు. అంటే 'ఇది మొహం' అన్నది మా మెదడుకు తెలుస్తోంది, కానీ నిటారు మొహానికి దక్కాల్సిన ప్రత్యేక శ్రద్ధ దక్కడం లేదన్నమాట.

నన్ను కదిలించింది మాత్రం ఎన్250. తెలిసిన మొహం కనబడితే పావు సెకను దగ్గర వచ్చే స్పందన అది. అదే ఏడాది ఆ బృందం చేసిన మరో అధ్యయనంలో, తాము పోల్చుకోలేకపోయిన ప్రముఖుల మొహాలకు కూడా 12 మందిలో ఆరుగురికి ఎన్250 వచ్చింది. నేను ఇచ్చిన మా చెల్లి ఫొటోల్ని జుట్టు తీసేసి అపరిచితుల మధ్య కలిపారు. 40 సార్లు కనబడితే 11 సార్లే 'తెలుసు' అని నొక్కాను. అయినా గీతలో పావు సెకను దగ్గర చిన్న వంపు ఉంది. "ఒక్కరి గీతను చూసి ఏదీ తేల్చకూడదు, చాలామందిని కలిపి చూస్తేనే నమ్మకం. ఇది రోగ నిర్ధారణ కాదు" అని పరిశోధకుడు గట్టిగా చెప్పారు. ఆశ పెట్టి పంపకుండా నిజం చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. చికిత్స మాటా ఎత్తలేదు.

లోపాలూ చెప్పాలి. పొద్దున నన్ను లోపలికి తీసుకెళ్ళిన అమ్మాయే మధ్యాహ్నం కోటు విప్పి, జుట్టు ముడి వేసుకుని వచ్చి పలకరిస్తే నాకు ఎవరో తెలియలేదు. మేం వచ్చేదే ఈ ఇబ్బందితో కదా, అందరూ పేరున్న బ్యాడ్జీ పెట్టుకోవద్దా? వచ్చిన ప్రతిసారీ 'నేను ఫలానా' అని చెప్పొద్దా? ఇది నన్ను నిజంగా నొప్పించింది. నాలుగు గంటలు కూర్చోబెట్టి, మాట్లాడింది పదిహేను నిమిషాలు. చేతికిచ్చిన కాగితంలో మార్కులు తప్ప గ్రాఫ్ లేదు, పంపిస్తామన్నారు.

ఇవన్నీ ఉన్నా, అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళండి. వీలైతే ఇంట్లోవాళ్ళను వెంట తీసుకెళ్ళండి, వివరణ వాళ్ళు కూడా వినాలి. నేను ఒంటరిగా వెళ్ళి పొరపాటు చేశాను. ఇంటికొచ్చి చెల్లికి అంతా చెప్తే, 11 అన్న అంకె దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, ఆ వంపు ఏదీ, చూపించు" అంది. గ్రాఫ్ ఇంకా రాలేదు. ఇవాళ మూడోసారి మెయిల్ పెట్టాను.