తడి బూట్లు ఎక్కడ ఆరబెట్టుకోవాలి?

స్కాట్లండ్ హైలాండ్స్‌లో ఐదు రాత్రులకి గదులు వెతికేటప్పుడు కిటికీలోంచి కొండ కనిపిస్తుందా, పొద్దున టిఫిన్ వాళ్లే పెడతారా అని తెగ చూశాం. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని రెండో రోజు సాయంత్రం గానీ తెలిసిరాలేదు. నేను, మా ఆవిడ, ఆమె తమ్ముడు, ముగ్గురివీ ఆరు బూట్లు. ఆరూ బురద నీళ్లతో నిండి ఉన్నాయి.

మొదటి రెండు రాత్రులు టోరిడన్ దగ్గర దొరల కాలంనాటి ఒక బంగళాలో దిగాం. విక్టోరియా రాణి దంపతులకి 1852లో ఇక్కడి బల్మోరల్ ఎస్టేట్ చేతికొచ్చాక ఈ కొండల మీద డబ్బున్నవాళ్లకి మోజు బాగా ముదిరింది. దుప్పుల వేట కోసం ఇలాంటివి చాలా లేచాయి. మా బంగళాలో మెట్ల పక్క గోడ నిండా దుప్పి తలలే. అర్ధరాత్రి మంచినీళ్లకి కిందికి దిగితే ఆ గాజు కళ్లన్నీ మన వెంటే వస్తున్నట్టుంటుంది.

స్నానాల తొట్టిలో కుళాయి తిప్పితే నీళ్లు డికాషన్ రంగులో వచ్చాయి. "బావా, ఇందులో ఇంతకుముందే ఎవరో స్నానం చేసినట్టున్నారు" అన్నాడు మా బావమరిది. నిజానికి అవి శుభ్రమైన నీళ్లే. ఆ కొండల మీద వేల ఏళ్లుగా నాచు పేరుకుని పీట్ అనే నల్లటి నేలగా మారింది. దాంట్లోంచి ఊరి వచ్చే నీళ్లకి ఆ రంగు మామూలే. ఈ రెండు ముక్కలు కాగితం మీద రాసి గదిలో పెడితే వాళ్ల సొమ్మేం పోయింది?

ఆ కిటికీని మాత్రం తక్కువ చేసి మాట్లాడలేను. ఎదురుగా బెన్ ఎయ్. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ప్రకృతి రిజర్వుగా 1951లో ప్రకటించింది దీన్నే. జూన్ నెలలో కొండ నెత్తిన తెల్లగా మెరుస్తుంటే మావాడు మంచేనని పందెం కాసి ఓడిపోయాడు. అది క్వార్ట్‌జైట్ రాయి. కాఫీ కప్పు పట్టుకుని ఆ కిటికీ దగ్గర కూర్చున్న గంటసేపూ ఇచ్చిన డబ్బు గుర్తుకు రాలేదు.

గుర్తొచ్చింది రెండో రోజు. ఆపిల్‌క్రాస్ ఊరికి వెళ్లే బెయలఖ్ న బా కనుమ సముద్రమట్టం నుంచి 626 మీటర్లకి ఎక్కుతుంది. ఒక్క బండి పట్టే దారి. ఎదురుగా బండి వస్తే పక్కన కట్టిన జాగాలో ఆగి, వాళ్లు వెళ్లాక చెయ్యెత్తి పలకరించి కదలాలి. గొర్రెలు మాత్రం ఎవరికీ దారివ్వవు. మధ్యలో బండి ఆపి నడకకి దిగితే వాన పట్టుకుంది. బంగళా చేరేసరికి రాత్రి తొమ్మిది. బయట ఇంకా పట్టపగల్లా ఉంది కానీ వంటగది ఎనిమిదిన్నరకే మూసేశారట. చల్లటి శాండ్‌విచ్‌లు ఇచ్చారు. ముందురోజు శాకాహారం అన్నందుకు మా ఆవిడకి పెట్టిన పుట్టగొడుగుల రిసోటో తలుచుకుంటే ఇవే నయం. బూట్ల సంగతి అడిగితే రిసెప్షన్ అమ్మాయి ఎంతో మర్యాదగా పాత పేపర్లు ఇచ్చి, వరండాలో పెట్టుకోమంది. తెల్లారేసరికి బూట్లూ తడే, పేపర్లూ తడే.

తర్వాత స్కై దీవి మీదుగా మాలేగ్ రేవు చేరి, అక్కణ్నుంచి పడవలో నాయిడార్ట్ ద్వీపకల్పానికి వెళ్లాం. అక్కడి ఇన్వరీ ఊరికి బయటినుంచి రోడ్డు లేదు. పడవన్నా ఎక్కాలి, కొండల్లోంచి నడిచన్నా రావాలి. అక్కడ మేం దిగిన లాడ్జి చూడ్డానికి షెడ్డులా ఉంది. తలుపు తీయగానే వచ్చేది హాలు కాదు, డ్రైయింగ్ రూమ్. కొక్కేలు, బూట్ల అరలు, గాల్లో తేమ లాగేసే మెషీను. సాయంత్రం తగిలించిన బట్టలు పొద్దుటికి అప్పడాల్లా అయ్యాయి. మా ఆవిడ ముఖంలో ఆ ఆనందం మా పెళ్లినాడు కూడా చూడలేదు.

లోపాలు లేవని కాదు. మంచాలు ఇరుకు, గోడలు పల్చన. పక్కగది పెద్దాయన గురక రాగం తాళం మాకు కంఠతా వచ్చేశాయి. ఈ ఊరికి దేశపు గ్రిడ్‌తో సంబంధం లేదు, సొంత జలవిద్యుత్తే. అందుకని లాడ్జి ఆవిడ హెయిర్ డ్రయర్ వద్దని ముందే చెప్పింది. ఏం తింటారో, ఏం తినరో వారం ముందే ఫోన్ చేసి కనుక్కుంది కూడా. వెళ్లగానే తలకి తొడుక్కునే వలలు చేతికిచ్చి, "గాలి ఆగితే లోపలికొచ్చేయండి" అంది. మిడ్జ్‌లనే కుట్టే పురుగులు నూకగింజంత కూడా ఉండవు కానీ గుంపుగా మీద పడితే మాట్లాడ్డానికి నోరు తెరవలేం.

ప్రకటనల్లో దీన్ని 'నిర్మానుష్య ప్రకృతి' అంటారు. నడిచే దారిలో మొండిగోడలు కనిపించాయి. 1853లో గొర్రెల మేత కోసం ఇక్కడి వందలమంది కౌలుదార్లని ఖాళీ చేయించి ఓడెక్కించి కెనడా పంపేశారు. నిర్మానుష్యం తనంతట తాను రాలేదు. ఎన్నో చేతులు మారాక 1999లో స్థానికులే కూడి ఈ నేలని కొనుక్కున్నారు. అందుకేనేమో, లాడ్జి ఆవిడ మాటల్లో 'మా కొండ' అన్నప్పుడు అతిశయం అనిపించలేదు.

తాళం లేని, డబ్బులడగని బోథీలు కూడా హైలాండ్స్‌లో ఉన్నాయి. కొండల్లో రాతి గుడిసెలు. వీటిని చూసుకోవడానికి 1965లో పెట్టిన స్వచ్ఛంద సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఒకదాంట్లోకి తొంగిచూశాం. మరుగుదొడ్డి ఎక్కడని మావాడు అడిగితే అక్కడున్న కుర్రాడు గోడకి ఆనించిన పార చూపించాడు. ఆ రాత్రికి లాడ్జికి వచ్చేశాం.

బంగళాలో ఒక్క రాత్రి సొమ్ముకి లాడ్జిలో మూడు రాత్రులు గడిచాయి. ఆ కిటికీ కోసం బంగళాకి మళ్లీ వెళ్తాను, కానీ ఒక్క రాత్రికే, అదీ ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకుని. మిగతావన్నీ ఇన్వరీలోనే. చివరి రోజు గాలి ముదురుతోందని లాడ్జి ఆవిడే మధ్యాహ్నం పడవకి బదులు పొద్దుటి పడవకి మా సీట్లు మార్పించింది. ఆ హడావిడిలో మా బావమరిది సాక్సులు డ్రైయింగ్ రూమ్ కొక్కేనికే ఉండిపోయాయి. బాగా ఆరి ఉంటాయి.