ఆర్కిటిక్ పీ12: మోత తక్కువ, గాలి ఎక్కువ

విజయనగరం ఎండల్లో గదే 38 డిగ్రీలుంటే, ఏ ఫ్యాన్ పెట్టినా కంప్యూటర్ కేసులో వేడి అంతకన్నా కిందికి దిగదు. నెమ్మదిగా తిరుగుతూనే గాలి బాగా లాగే ఫ్యాన్ కావాలి. ఆ లెక్కన ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం పీఎస్‌టీ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. సైజు 120 ఎంఎం, వేగం 200 నుంచి 1800 ఆర్‌పీఎం, స్టాటిక్ ప్రెజర్, అంటే అడ్డున్నా గాలిని నెట్టుకెళ్లే బలం, 2.2 ఎంఎం (నీటి మట్టం లెక్కలో). ఈ చివరి అంకే అసలుది. మన రోడ్ల దుమ్ముకి డస్ట్ ఫిల్టర్ తీసేయలేం కదా, ప్రెజర్ లేని ఫ్యాన్ దాని వెనక ఊరికే తిరుగుతుంది.

లోపమూ ఉంది. 1000 ఆర్‌పీఎం దగ్గర్లో తుమ్మెద రొదలా సన్నటి మోత వస్తుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) హెడర్‌ని, అంటే మదర్‌బోర్డు మీద ఫ్యాన్ తగిలించే పిన్నులని, పీడబ్ల్యూఎం (వేగాన్ని సిగ్నల్‌తో మార్చే) మోడ్‌లో పెట్టండి. ప్రాసెసర్ వేడి 60 డిగ్రీల వరకు 800 ఆర్‌పీఎం, ఆపైన నేరుగా 1200 వచ్చేలా ఫ్యాన్ కర్వ్ (వేడిని బట్టి వేగం చెప్పే గీత) గీయండి, ఆ మోత వచ్చే వేగం దాటిపోతుంది.

కేసు ముందు గాలిని లోపలికి లాగేవి రెండు, వెనక బయటికి నెట్టేది ఒకటి చాలు. మోటారుని పట్టుకునే ప్లాస్టిక్ కమ్మీలున్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది, బిగించేముందు చూసుకోండి. మూడూ ఒకదానికొకటి గొలుసుగా కలిపి ఒకే హెడర్‌కి తగిలించొచ్చు, పేరులోని పీఎస్‌టీ అంటే అదే. లైట్ల సోకు మాత్రం ఇందులో లేదు. బ్లోయర్‌తో దుమ్ము దులిపేటప్పుడు రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్‌కి దెబ్బ.