నాలుగేళ్లు వాడిన 14 మి.మీ. లెన్స్: చుక్కలు బానే పడతాయి, తంటా అంతా మంచుతోనే

రాత్రి ఆకాశం ఫోటోల కోసం 2021 సంక్రాంతికి ఈ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 14 మి.మీ., ఎఫ్ 2.8 (అంటే వెలుతురు వచ్చే రంధ్రం బాగా పెద్దది), ఆటోఫోకస్ లేదు, అంతా చేత్తో తిప్పుకోవడమే. కంపెనీ పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి, నా లెన్స్‌లో ఉన్న లోపం అందరి దాంట్లో ఉండాలని లేదు. కెమెరా 24 మెగాపిక్సెళ్ల పాత క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) బాడీ. ఈ నాలుగేళ్లలో ముప్పై నలభై రాత్రులు దీంతో ఆరుబయట గడిపి ఉంటాను, ఎక్కువగా నెల్లూరు జిల్లా సీతారామపురం వైపు వెలిగొండల అడుగున మా బావ చేలో, రెండు మూడుసార్లు మైపాడు సముద్రపు ఒడ్డు ఇసుకలో, ఒకసారి భైరవకోన దగ్గర. అడవి లోపల టెంటు వేయలేదు, మీరూ వేయకండి, నల్లమల పులుల అభయారణ్యంలో అయితే రాత్రి ఉండనివ్వరు కూడా. కొండ వారన వీధిలైటు కనపడని చేను దొరికితే చాలు. తెలియని చేలో మాత్రం చీకట్లో అడుగు పెట్టొద్దు, అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగ లాగుతారు, పాముకన్నా అదే భయం నాకు.

ముందు మంచి మాటలు. గాజు చాలా బాగుంది. ఎఫ్ 2.8లో పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని ఎంత పెంచి చూపాలో ఆ అంకె) 3200, షటర్ 15 సెకన్లు, ఇంతే నా సెట్టింగు. చుక్కలు సాగకుండా షటర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో చెప్పే 500 లెక్క ప్రకారం క్రాప్ కెమెరాకి 24 సెకన్ల దాకా పోవచ్చంటారు కానీ నమ్మకండి, 24 మెగాపిక్సెళ్లలో పెద్దది చేసి చూస్తే చుక్కలు బియ్యపు గింజల్లా సాగి ఉంటాయి. కొన్న ఏడాది ఏప్రిల్ అమావాస్యకి రాత్రి ఒంటి గంట దాటాక ఆగ్నేయంలో తేలు తోకతో సహా పైకి లేచి, దాని వెనకాలే పాలపుంత మధ్యభాగం వస్తుంటే, స్క్రీన్ మీద మొదటి ఫోటో చూసి కాసేపు మాట రాలేదు. కంటికి బూడిద చారలా కనపడేది అందులో నల్లటి పాయలతో సహా వచ్చింది. మనం ఉన్నది 15 డిగ్రీల అక్షాంశం దగ్గర కాబట్టి ఆ మధ్యభాగం దక్షిణాన 45 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. అంత ఎత్తులో ఉన్నా 14 మి.మీ.లో కింద కొండ, చింతచెట్టు కూడా పడతాయి. నిలువుగా పెట్టి తీయండి.

ఇక ఫోకస్ రింగు. దాని మీద అనంతం గుర్తు (బాగా దూరాన ఉన్నవాటికి) ఉంటుంది, అది ఉత్త అబద్ధం. అక్కడికి తిప్పి తీస్తే చుక్కలన్నీ బఠాణీలు. మొదటి రాత్రి మొత్తం అలాగే పోయింది నాకు. గురుగ్రహాన్నో లుబ్ధక నక్షత్రాన్నో లైవ్ వ్యూలో (కెమెరా స్క్రీన్ మీద) పదింతలు పెద్దది చేసి, అది సన్నటి చుక్క అయ్యేదాకా తిప్పి, రింగు మీద నల్ల ఇన్సులేషన్ టేపు వేసేస్తాను. మూడో వేసవిలో, లెన్స్‌ని మే నెల ఎండలో కారులో వదిలేయడం నా తప్పే, రింగు లోపలి గ్రీజు కరిగిందో ఏమో, ఇప్పుడు ఊదితే తిరిగేంత వదులు. టేపు లేకపోతే పని కాదు. మన ఎండలకి టేపు బంక కూడా కారిపోయి రింగు జిగురు జిగురుగా తయారైంది.

అసలు గొడవ మంచు. ఈ లెన్స్ ముందుగాజు కోడిగుడ్డులా బయటికి ఉబికి ఉంటుంది, ఫిల్టర్ పట్టదు, నేరుగా ఆకాశాన్ని చూస్తూ వేడంతా వదిలేసి చుట్టూ గాలికన్నా ముందే చల్లబడుతుంది. ఇక గడ్డి మీద పడ్డట్టే దాని మీదా మంచు. పందిరి కింద మంచం తడవదు, బయట వేసింది తడిసిపోతుంది చూడండి, అదే సంగతి. ఫిబ్రవరిలో బావ చేలో వంద ఫోటోలు వరసగా పెట్టి పడుకున్నా, లేచి చూస్తే మొదటి ఇరవై బాగున్నాయి, మిగతావన్నీ పాలు. గుడ్డతో తుడిస్తే ఐదు నిమిషాలకి మళ్లీ వస్తుంది, పైగా తుడిచి తుడిచి గాజు మీద రెండు గీతలు కూడా పడ్డాయి.

తర్వాతిసారి మా అమ్మ మోకాళ్లకి కాపడం పెట్టుకునే ఉప్పు మూట ఎత్తుకుపోయాను. పెనం మీద వేడి చేసి లెన్స్ గొంతుకి చుట్టి కట్టాను. నమ్మరు, ముప్పావుగంట మంచు దగ్గరికి రాలేదు! కానీ ఉప్పు తేమ లాగుతుంది, లోహానికి మంచిది కాదు కదా అని తర్వాత ఇసుక నింపాను, అది ఇంకా నయం. ఇప్పుడు యూఎస్‌బీ హీటర్ పట్టీ కొన్నాను, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో ఐదు గంటలు వస్తుంది. పవర్ బ్యాంకు చచ్చిపోతే మళ్లీ ఇసుక మూటే. లెన్స్ కొనేవాళ్లు ఆ పట్టీ ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి.

మైపాడులో అయితే మంచుకి ఉప్పుగాలి కూడా తోడు, గాజు మీద జిడ్డు పొర. తూర్పు సముద్రం మీద చీకటి బాగుంటుంది కానీ పాలపుంత దక్షిణానికి జరిగేసరికి కృష్ణపట్నం రేవు వైపు వెలుగులో కలిసిపోతుంది. నేను మళ్లీ పోను.

సీజన్ కూడా చిన్నదే. ఫిబ్రవరిలో తెల్లవారుజామున మొదలై మే దాకా, ఆ తర్వాత మబ్బులు. 2024 అక్టోబర్‌లో త్సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చింది, దేశమంతా ఫోటోలు పెట్టారు, మనకేమో వాయుగుండం. ఇక్కడ ట్రాకర్ (చుక్కలతో పాటు కెమెరాని మెల్లగా తిప్పే యంత్రం) కొనమని కూడా చెప్పను. దాన్ని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి, అది మనకు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పొగమంచులోనో కొండ వెనకో దాక్కుంటుంది.

మా బావ మాత్రం, "ఏంది బావా, చుక్కలు యాడికి పోతాయి, రేపు గూడా ఉంటాయిగా, పడుకో" అంటాడు. పోయిన మార్చిలో ఆయనే ఫోనుని బావి గట్టు మీద రాయికి ఆనించి నైట్ మోడ్‌లో పాలపుంత తీసి, నేను ఫోకస్ చూసుకునేలోపే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. పెద్దది చేస్తే అంతా అలికినట్టు ఉంది, నిజమే, కానీ ఎవరూ పెద్దది చేసి చూడలేదు.

ఇంత తిట్టినా అమ్మను. గోడకి పెద్ద ప్రింటు వేసుకోవాలనుకుంటే ఈ డబ్బుకి ఇంతకన్నా మంచి గాజు నాకు దొరకలేదు. కాకపోతే సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు రాత్రిపూట వెళ్లండి, దూరంగా ఉన్న లైటుని ఎఫ్ 2.8లో నాలుగు మూలల్లోనూ పెట్టి తీసి చూడండి. నాలుగు మూలల్లోనూ లైటుకి కాస్త రెక్కలొస్తే మామూలే, రంధ్రం కాస్త మూసి ఎఫ్ 4 పెడితే పోతాయి. ఒక్క మూలలోనే పిట్టలా రెక్కలు విప్పుకుని కనపడితే లోపల గాజు పక్కకి జరిగినట్టు, గట్టిగా బేరమాడండి. నాది కుడివైపు పై మూల. నేను పగలు వెళ్లి కొన్నాను.