పర్లాకిమిడి చిన్న రైలు: ఉంచాల్సిందా, మార్చడమే మేలా?

సిమ్లా రైలు ఫొటో ఎవరైనా పెట్టగానే శ్రీకాకుళం వైపు వాళ్లకి ఒక ప్రశ్న పుడుతుంది. "వాళ్లది ఉంచారు, మనది ఎందుకు తీసేశారు?" అడగదగ్గ ప్రశ్నే. నౌపడా నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, అక్కణ్నుంచి గుణుపురం దాకా నడిచిన చిన్న రైలుదీ, కాల్కా-సిమ్లా రైలుదీ ఒకటే గేజ్ (రెండు పట్టాల మధ్య ఎడం), 762 మిల్లీమీటర్లు. వయసులో మనదే పెద్దది. పర్లాకిమిడికి బండి 1900లో వస్తే, సిమ్లాకి 1903లో వెళ్లింది. పొడవు కూడా ఇంచుమించు సమానం: మనది 90 కిలోమీటర్లు, వాళ్లది 96. సిమ్లా లైను 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మన చిన్న బండి అప్పటికి నాలుగేళ్ల ముందే, 2004 జూన్‌లో, ఆఖరిసారి కూత వేసింది.

చిన్న రైలంటే నాకు చాలా ప్రేమ. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తీర్పు నా ప్రేమ వైపు మొగ్గదు.

సిమ్లాకి వెళ్లేవాళ్లకి ఆ ప్రయాణమే సగం యాత్ర. కొండలు, సొరంగాలు చూడ్డానికే టికెట్ కొంటారు, బండి ఎంత మెల్లగా వెళ్తే అంత ఆనందం. పర్లాకిమిడి రైలు పుట్టింది అందుకు కాదు. మద్రాసు-హౌరా లైను సముద్రం వారగా పోవడంతో పర్లాకిమిడి పక్కన పడిపోయింది, దగ్గరి స్టేషన్ నౌపడా. ఆ నలభై కిలోమీటర్లు కలపాలని పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి పూనుకుని, 1898లో అనుమతి తెచ్చుకుని, సుమారు ఏడు లక్షల రూపాయలతో లైను వేయించాడు. ఒక జమీందారీకి అందుబాటులో ఉన్న దారి అదొక్కటే. సన్న గేజ్‌కి తేలిక పట్టాలు సరిపోతాయి, వంతెనలు చిన్నవి చాలు, మలుపు ఇరుకైనా బండి తిరుగుతుంది. పెద్ద గేజే కావాలని పట్టుబడితే అసలు రైలే వచ్చేది కాదు. కాబట్టి 1900లో ఏది మేలని అడిగితే, సందేహం లేకుండా చిన్నదే.

మొదట్లో లాభాల్లేవు. 1910 తర్వాత కాస్త మిగలడం మొదలై, 1924 నుంచి రాబడి బాగా పెరిగింది. ఆ ధైర్యంతోనే కృష్ణచంద్ర గజపతి హయాంలో వంశధార లోయ వెంట పట్టాలు ముందుకు సాగి, 1929, 1931ల్లో రెండు విడతలుగా గుణుపురం చేరాయి.

మరి చిక్కు ఎక్కడ? నౌపడాలో. పెద్ద లైను వ్యాగన్ చిన్న పట్టాల మీదికి రాదు, చిన్న వ్యాగన్ పెద్ద పట్టాల మీదికి పోదు. లోయలోంచి బయటికి పోయే ప్రతి బస్తా ఒక బండిలోంచి దిగి, మనిషి వీపెక్కి, ఇంకో బండిలో పడాలి. దించి ఎక్కించే కూలి ఒక ఖర్చు, ఆలస్యం ఇంకో ఖర్చు, దారిలో ఒలికిపోయేది మూడోది. లారీ వచ్చాక ఈ లెక్క నిలవలేదు. పొలం గట్టున ఎక్కించిన సరుకు విశాఖ మిల్లు గుమ్మంలో దిగుతుంటే, నౌపడాలో ఆగి బండి మారేది ఎవరు?

సరుకు సంగతి అలా ఉంటే, సదుపాయాల సంగతి అంతకంటే కష్టం. చిన్న లైనుకి అన్నీ వేరుగా ఉండాలి: ఇంజన్లు, పెట్టెలు, షెడ్డు, విడిభాగాలు, వాటిని బాగుచేయడం తెలిసిన చేతులు. పక్కనే మెయిన్ లైనులో వంద ఇంజన్లు తిరుగుతున్నా, ఇక్కడ ఒక ఇంజన్ మూలపడితే అందులోంచి ఒక్కటి కూడా అరువు తెచ్చుకోలేరు. పొగ ఇంజన్లు పోయి డీజిల్ వచ్చినా ఈ ఒంటరితనం తీరలేదు. గేజ్ మార్చాలన్న సర్వేలు 1950 నాటికే మొదలయ్యాయంటే, ఈ ఇబ్బంది రైల్వేకి ఎంత పాతదో తెలుస్తుంది.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశా వైపు, పాతపట్నం ఇటు తెలుగు వైపు అయ్యాయి. పర్లాకిమిడిలోనే దశాబ్దాలు పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఊరు విడిచి రాజమండ్రి చేరారు. బండి మాత్రం రెండు వైపులా నడుస్తూనే ఉంది. చిన్న రైలు మీద నాకున్న గౌరవంలో పెద్ద వాటా దీనిదే.

ఇక పెద్ద గేజ్. 2010-11ల్లో పర్లాకిమిడికీ, తర్వాత గుణుపురానికీ పెద్ద బండి వచ్చింది. ఇప్పుడు విశాఖకీ పూరీకీ నేరుగా రైలుంది. విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లేవాళ్లు నౌపడాలో మూటా ముల్లే దించుకుని ఇంకో బండి కోసం కాసుకోనక్కర్లేదు. నాకు ఈ ఒక్క కారణం చాలు. అయితే దానికి ఇచ్చిన మూల్యం తక్కువేం కాదు. ఆరేడేళ్లు ఆ లోయకి అసలు రైలే లేదు. అప్పుడు బడికెళ్లే వయసున్న పిల్లలు రైలెక్కకుండానే పెద్దవాళ్లయ్యారు.

మధ్యేమార్గంగా గుజరాత్‌లోని బిలిమోరా-వఘాయిని చూపిస్తారు. అదీ సంస్థానం వేయించిన 762 మిల్లీమీటర్ల లైనే, గైక్వాడ్‌లది. దాన్ని మార్చకుండా వారసత్వ లైనుగా ఉంచారు. కానీ అక్కడ దారి చివర డాంగ్ అడవులున్నాయి, చూడ్డానికి వచ్చేవాళ్లున్నారు. గుణుపురం లోయలో రైలు కోసం ఎదురుచూసేది ఊరివాళ్లే. తొంభై కిలోమీటర్లూ ముచ్చటకి ఉంచి, వాళ్లని బస్సుల పాలు చేయడం న్యాయం కాదు.

అందుకే నా ఓటు మార్పుకే. కాకపోతే పట్టాలు మార్చడం, పాత గుర్తులను వదిలేయడం రెండూ ఒకటి కాదు. పెద్ద లైను పక్కనే ఒక అర కిలోమీటరు సన్న పట్టాలుండాలి, వాటి మీద కదిలే ఒక్క ఇంజన్ ఉండాలి. పర్లాకిమిడి స్టేషన్లో ఒక గదిలో పాత అట్ట టికెట్లు, గార్డు లాంతరు, 1900 నాటి పట్టా ముక్క పెట్టాలి. రాజు కట్టించిన లైను ఇదేనని తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ ఆ గది గోడ మీద రాయాలి.